నిజాం పేరిటి యుద్ధనౌక

సముద్రతీరము లేని రాజ్యమునకు యుద్ధనౌకతో ఏమి పని? ఈ ప్రశ్న వినుటకు వింతగా నుండును. కాని హైదరాబాదు రాజ్యచరిత్రలో దీనికి తావు కలదు. 18వ శతాబ్దములో ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల వశమైన పిమ్మట నిజాం రాజ్యమునకు కడలి దూరమైనది. కొత్వాల్‌గూడ వాసులమైన మాకు కన్నులెదుట నుండు జలరాశి హిమాయత్‌సాగరమే. 1908లో మూసీ వరదలు నగరమును ముంచెత్తిన తరువాత, అట్టి ఆపద మరల రాకుండ ఈసీ నదిపై కట్టి, 1927లో పూర్తి చేసిన జలాశయమది. దానిని కట్టించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరనే ఒక యుద్ధనౌక మధ్యధరా సముద్రము మొదలు టోక్యో అఖాతము వరకు సంచరించినదని మనలో ఎందరికి తెలియును?

మొదటి ప్రపంచ యుద్ధమునందు నిజాం ఇచ్చిన ధనముతో బ్రిటిష్ వైమానిక దళములోని 110వ స్క్వాడ్రనుకు విమానములు సమకూడెను. రెండవ యుద్ధములో 152వ స్క్వాడ్రను హైదరాబాదు పేరు ధరించెను. దాని చిహ్నముపై నిజాం తలపాగా యుండెడిది. ఆ వరుసలోనిదే ఈ నౌక. దాని నిర్మాణవ్యయములో కొంత భాగమును నిజాం భరించెను. అందుచే దానికి ‘నిజాం’ అను పేరు వచ్చెను.

ఈ నౌకను స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో జాన్ బ్రౌన్ కంపెనీవారు నిర్మించిరి. 1940 జూలై 4న అది నీట దిగెను. 1941 జనవరి 8న యుద్ధసేవలో ప్రవేశించెను. ఇది డిస్ట్రాయరు, అనగా విధ్వంసక నౌక. బరువు సుమారు 1,690 టన్నులు. ఆయుధములలో ముఖ్యమైనవి 4.7 అంగుళముల ఫిరంగులు ఆరు. వేగము గంటకు 36 నాటికల్ మైళ్లు. నౌక బ్రిటనుది, దానిని నడిపినది ఆస్ట్రేలియా నావికాదళము, పేరు హైదరాబాదుది! ఒక్క ఉక్కుదేహములో మూడు దేశములు కలిసినవి.

విధ్వంసక నౌకకు బలము దాని కవచము కాదు, వేగము. ఈ సంగతి క్రీటు ద్వీపము వద్ద రుజువైనది. 1941 మే నెలలో జర్మను సేనలు ఆకాశమార్గమున ఆ ద్వీపముపై దిగగా, మిత్రసేనలు కొండలు దాటి దక్షిణ తీరమునగల స్ఫాకియా అను చిన్న పల్లెకు చేరిరి. వారిని తీసికొని వచ్చుటకు మే 30న నాలుగు విధ్వంసక నౌకలు బయలుదేరెను. ఒకటి యంత్రలోపము వలన, మరొకటి బాంబుదెబ్బ వలన వెనుదిరిగెను. మిగిలిన ‘నేపియర్’, ‘నిజాం’ నౌకలు రెండే ఆ రాత్రి 1,400 మందికి పైగా సైనికులను ఎక్కించుకొని వచ్చెను. కొన్ని వందలమంది నావికులకు మాత్రమే చోటుగల నౌకలలో అంతమంది ఎట్లు నిలిచిరో ఊహించుకొనవలసినదే.

పిమ్మట టోబ్రుక్ వంతు. ముట్టడిలో నున్న ఆ రేవునకు భూమార్గము లేదు. చీకటి పడిన తరువాత రేవు చేరి, సైనికులను, సామగ్రిని దింపి, గాయపడినవారిని ఎక్కించుకొని, తెల్లవారకమునుపే శత్రువిమానములకు దూరముగా పోవలెను. ఈ రాత్రి ప్రయాణములలో ‘నిజాం’ పాల్గొనెను. 1942 జూనులో మాల్టా ద్వీపమునకు ఆహారము, ఇంధనము చేర్చుటకు బయలుదేరిన ఓడల గుంపునకు అది కాపుగా వెళ్లెను. ఆ గుంపు గమ్యము చేరలేక వెనుదిరుగవలసి వచ్చెను. ‘నిజాం’ సోదరనౌక ‘నెస్టర్’ అందులో మునిగిపోయెను. తరువాత మడగాస్కరు దండయాత్రలోను, దక్షిణ అట్లాంటిక్‌లో జర్మను జలాంతర్గాముల వేటలోను దాని కాలము గడచెను.

బాంబుల వానలో మునుగని ఈ నౌకకు మహావిపత్తు శత్రువు వలన రాలేదు. 1945 ఫిబ్రవరి 11న, ఆస్ట్రేలియా నైరుతి మూలనున్న లీవిన్ అగ్రము వద్ద, ఒక పెనుతరంగము దానిని 75 డిగ్రీలకు పైగా ఒరగద్రోసెను. నౌక మరల లేచి నిలిచెను. కాని పదిమంది నావికులు సముద్రము పాలైరి. ఆ ఏడే సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రముపై సంతకములు జరిగినపుడు ‘నిజాం’ టోక్యో అఖాతములోనే యుండెను. అక్టోబరులో దానిని బ్రిటనుకు తిరిగి అప్పగించిరి. మరల అది యుద్ధసేవ చేయలేదు. 1955లో తుక్కుగా విరిచివేసిరి.

పేరు ప్రభువుది. కాని నాటి ఖజానాకు ముఖ్యమైన ఆధారము భూమిశిస్తు. హైదరాబాదు చుట్టుప్రక్కల అనేక గ్రామములు సర్ఫేఖాస్, అనగా నిజాం స్వంత భూములు. కడలిని కంట చూడని రైతు చెల్లించిన శిస్తులో కొంత ఆ నౌక ఉక్కులో కలియలేదని ఎవరనగలరు? ఆ దానమునకు సమ్మతియా అని రైతును అడిగినవారు లేరు. దానికి కీర్తి వచ్చినపుడు అతనిని తలచినవారును లేరు. అయినను స్ఫాకియా ఒడ్డున ఆ రాత్రి ప్రాణములు దక్కించుకొన్న వందలమందికి ఆ ఉక్కు ఆశ్రయమైనది. రాజభక్తి వేరు, మానవసేవ వేరు. మొదటిది ఏనాడో గతించినది. రెండవదానిలో మన పల్లెలకును పాలు కలదని గుర్తించినపుడు, ఎవ్వరును అడుగని ఆ రైతులను, తరంగము పాలైన ఆ పదిమంది నావికులను ఒక్కమారే స్మరించుట మనకు ధర్మము.