మహమ్మారి కాలంలో పనులెందుకు పోయాయి?



కరోనా వచ్చి పనులు పోయాయని మనమంతా అంటాం. అయితే జబ్బు ఒక్కటే కారణం కాదు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. నాలుగు గంటల ముందే మనకు తెలిసింది. ప్రభుత్వ సర్వే ప్రకారం ఆ ఏప్రిల్-జూన్ నెలల్లో పట్టణాల్లో పని కోరిన ప్రతి వందమందిలో సుమారు 21 మందికి పని లేదు. ప్రపంచమంతటా ఆ ఏడాది పోయిన పనిగంటలు 25 కోట్ల 50 లక్షల ఉద్యోగాలకు సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క కట్టింది.

మరి కారణాలేమిటి?

మొదటిది, ఒకరి ఖర్చే మరొకరి కూలి. ఆ ఏడు రంజాన్ నెలంతా లాక్‌డౌన్‌లోనే గడిచింది. ఈద్‌కు కొత్త బట్టలు లేవు. పెళ్లికి యాభైమందికి మించరాదన్నారు. పెళ్లి చిన్నదైతే నష్టమెవరికి? దర్జీకి, బావర్చీకి, షామియానా వేసేవాడికి, లాడ్ బజార్ గాజులకు ఇంట్లో కూర్చుని రాళ్లు అద్దే తల్లికి.

రెండవది, మనవాళ్లలో చాలామంది రోజుకూలీలు, ఆటోవాళ్లు, మెకానిక్కులు. నెలజీతం లేదు, పీఎఫ్ లేదు. పని పోయిందని చూపించుకోడానికి చేతిలో కాగితం కూడా లేదు.

మూడవది గల్ఫ్. అక్కడా పనులు ఆగాయి. మే నెల నుంచి ప్రత్యేక విమానాల్లో మనవాళ్లు తిరిగొచ్చారు. ఇంటికి డబ్బు పంపినవాడే ఇక్కడ పని వెతుక్కోవలసి వచ్చింది.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. బజార్లు తెరిచాక కూడా కొందరికి పని దొరకలేదు. ఎందుకంటే ఆకలికి తాళలేక కుట్టుమిషను అమ్ముకున్నారు, వాయిదాలు కట్టలేక ఆటో పోగొట్టుకున్నారు. పనిముట్టు పోయాక పనెలా వస్తుంది?

అప్పుడు మనం బియ్యం, పప్పు పంచాం. మంచిదే. కాని మిషను అమ్మకముందే ఆ ఇంటి తలుపు తట్టలేదు. అడగడానికి వాళ్లు సిగ్గుపడ్డారు, మనమూ అడగలేదు. ఆ లోపం మనదే.

కాబట్టి జకాత్‌కు అర్హులైనవారికి పనిముట్లు కొనిపెడదాం. మిగతావారికి వడ్డీలేని ఖర్జె హసనా ఇద్దాం. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో మన మొహల్లాలోని ప్రతి కూలీ పేరు, ఇంట్లో పనిచేసే ప్రతి స్త్రీ పేరు రాయిద్దాం. రేషను ఒక నెల గడుపుతుంది, పనిముట్టు ఇల్లంతా గడుపుతుంది.

అల్లాహ్ మనకందుకు శక్తినిచ్చుగాక. ఆమీన్.