కోవిడ్ కాలమున మన యిండ్లు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమునందు ప్రధానోపాధ్యాయుడు ఉత్తీర్ణుల సంఖ్యయు, బహుమతుల పట్టికయు చదువుట వాడుక. ఆ పని కార్యదర్శిగారు ఇదివరకే చేసియున్నారు. కావున మేము మరియొక విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాధి మన షోలాపూరు తెలుగు యిండ్లలో ప్రవేశించి ఏమి చేసినదో, మా యింటను, మా మిత్రుల యింటను మేము కన్నది కన్నట్లు చెప్పుటయే మా యుద్దేశము. “ఆ పాడు కాలమును మరల ఏల తలచుకొనవలెను?” అని కొందరనవచ్చును. నేడు చిన్న తరగతులలో కూర్చున్న పిల్లలు ఆనాడు ఒడిలోని బిడ్డలు. మనము చెప్పిననే వారికి తెలియును.

మన పూర్వులు తెలంగాణపు పల్లెలనుండి మగ్గమును నమ్ముకొని ఈ యూరికి వచ్చిరి. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టెను. 1918లో విషజ్వరము ఆ బొంబాయి రేవుననే దిగి దేశమంతట ప్రాకెను. ప్లేగును అరికట్టుటకై 1897లో చేసిన అంటువ్యాధుల చట్టమునే 2020 మార్చిలో ప్రభుత్వములు మరల బయటికి తీసినవి. చట్టము నిలిచినది. కాని ఆ కాలమున మా తాతముత్తాతలు ఎట్లు బ్రతికిరో, ఎవరికి ఎవరు గంజి పోసిరో తెలుపు వ్రాత మా యింట ఒక్క ముక్కయు లేదు. మీ యిండ్లలోను అంతేయని తలంతుము. మన మనుమల నాటికి ఈ మాట మరల అనిపించుకొనరాదు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమయ్యెను. పేటలో మగ్గముల చప్పుడు ఆగిపోయెను. పుట్టినది మొదలు ఆ చప్పుడులోనే నిద్రించినవారికి ఆ నిశ్శబ్దమే నిద్ర పట్టనీయలేదు. చద్దర్లు, తువాళ్లు నేయు కార్ఖానాలు మూతపడెను. బీడీ కార్ఖానా తెరువనిదే ఆకు రాదు, తంబాకు రాదు. చుట్టిన బీడీలు లెక్కపెట్టి అప్పగించిననే తల్లుల చేతికి కూలి. “ఒకరికొకరు దూరముగా నుండుడు” అని రేడియోలో, టీవీలో, ఫోనులో చెప్పుచునే యుండిరి. పదడుగుల గదిలో ఏడుగురు పండుకొను చోట ఆ దూరము ఎక్కడనుండి తేవలెను? ఈ ప్రశ్నకు ఆనాడు ఎవరి యొద్దను సమాధానము లేదు.

2020 ఆగస్టులో వ్యాధి మా గడప దాటెను. మా తమ్ముడు తువాళ్ల కార్ఖానాలో పనిచేయువాడు. జ్వరము వచ్చినను “వానకాలపు జ్వరమే” అని మూడు దినములు ఎవరికిని చెప్పలేదు. వాని భయము జ్వరమును గూర్చి కాదు. తలుపునకు కాగితమంటింతురనియు, పనినుండి తీసివేయుదురనియు వాని భయము. నాలుగవనాటి ఉదయము మా యింటివారు చారునకు పోపు పెట్టుచుండిరి. వెల్లుల్లి నల్లగా మాడినను ఆమెకు వాసన తెలియలేదు. పొగ చూచి పిల్లలు పిలిచిరి. ఆ దినమే పరీక్ష చేయింపగా ఆరుగురిలో నలుగురికి వ్యాధి యున్నదని తేలెను.

మమ్ము పది దినములు నగరపాలక సంస్థవారి కేంద్రమున ఉంచిరి. ఇంట మిగిలినవారు మా తల్లియు, చిన్నపిల్లయు. ఎదురింటి మరాఠీ కుటుంబమువారు ప్రతి సాయంకాలము జొన్న రొట్టెలు, పల్లీల పొడి మూటగట్టి మా గడపమీద ఉంచి, తలుపు తట్టి వెనుకకు పోవుచుండిరి. అదే వీథిలో మన భాషవారే కొందరు మా యింటి ముందునుండి నడువక చుట్టు తిరిగి పోయిరి. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. భయమునకు భాష లేదు, దయకును భాష లేదు అని మాత్రము ఆ పది దినములలో మాకు తెలిసినది.

ఆ విడత మమ్ము కనికరించి విడిచెను. రెండవ విడత అట్లు విడువలేదు. 2021 ఏప్రిలులో మా మేనత్తకు వ్యాధి సోకెను. ఆమెకు డెబ్బదిరెండేండ్లు. నలుబదియేండ్లు బీడీలు చుట్టిన చేయి. చక్కెర వ్యాధి మునుపే కలదు. వ్రేలికి తగిలించి చూచు ఆక్సీమీటరు 88 చూపెను. ఆ అంకె 94కు తగ్గినచో వైద్యుని చూడవలెనని అప్పటికి మనకందరకు కంఠపాఠమే. రెండు ఆసుపత్రులు మంచము లేదనెను. మూడవచోట దొరికెను. లోపలికి బంధువులను రానీయరు. చేతిసంచిలో ఒక ఫోను పెట్టి పంపితిమి.

ఆమెకు ఇంటిలో తెలుగు, అంగడిలో నాలుగు మరాఠీ ముక్కలు తప్ప వేరు రావు. జబ్బు మీదనున్నప్పుడు ఆ నాలుగు ముక్కలును నోటికి రాలేదు. రెండవ దినమునుండి “నోరెండుతుంది” అని పదే పదే అనుచుండెను. నర్సులకు ఆ మాట అర్థము కాలేదు. ఒక్కొక్కరికి ఇరువదిమంది రోగులు. ముసలామె ఏదో గొణుగుచున్నదని అనుకొనిరి. ఫోనులో మాతోను అదే మాట: “నోరెండుతుంది బిడ్డా, ఎన్ని నీళ్లు తాగినా ఆగుతలేదు.” ఆక్సిజను అవసరమైన రోగులకు డెక్సామెథసోన్ అను స్టెరాయిడు ప్రాణాధారమగునని 2020 జూనులో ఇంగ్లండులోని పరీక్షలవలన తేలియుండెను. ఆ మందే ఆమెకును ఇచ్చుచుండిరి. కాని అది రక్తములోని చక్కెరను మిక్కిలి పెంచును. నోరెండుట దానికి గుర్తు. మా అన్నకూతురు నర్సు చదువు చదువుచుండుటవలన ఈ సంగతి గ్రహించి, ఫోనును నర్సుకు ఇప్పించి మరాఠీలో చెప్పెను. వెంటనే పరీక్షించిరి. చక్కెర 400 దాటియుండెను. ఇన్సులిను ఇచ్చిరి. మా మేనత్త పదునేడవనాడు ఇంటికి వచ్చెను.

తల్లిదండ్రులారా, ఈ సంగతిని మీరు ప్రత్యేకముగా గమనింపవలెనని మా ప్రార్థన. ఆ బాలిక మన పాఠశాలలో పదవ తరగతి వరకు తెలుగులో చదివినది. పదునాలుగేండ్ల పిల్లలు నాయనమ్మతో మాటాడలేక, నాయనమ్మ వారితో మాటాడలేక, ఒకే చూరు క్రింద రెండు దేశములవలె నున్న యిండ్లు మన పేటలో పెరుగుచున్నవి. “తెలుగుతో ఉద్యోగము వచ్చునా?” అని మమ్ము అడుగువారు కలరు. ఉద్యోగపు మాట వేరు. ఆనాడు అత్త మాటను అర్థము చేసికొనుటకు తెలుగు కావలసెను. దానిని నర్సునకు తెలుపుటకు మరాఠీ కావలసెను. రెండును ఒకే బాలిక నోట నున్నందున ఒక ప్రాణము నిలిచినది. మన పిల్లలకు రెండు భాషలును రావలెనని మేము చెప్పునది ఇందుకే.

ఇక మరియొకరి మాట. మా పాఠశాలలో ఇరువదిరెండేండ్లు తెలుగు బోధించిన మా మిత్రుని మీలో అనేకులెరుగుదురు. మీలో కొందరు ఆయన శిష్యులే. ఆయన వయస్సు ఏబదిరెండు. టీకాలు 2021 జనవరి 16న ఆరంభమై, 45 ఏండ్లు నిండినవారందరికి ఏప్రిలు 1 నుండి వేయబడుచుండెను. ఆ యేడు ఉగాది ఏప్రిలు 13. “పండుగ నాడు ఒళ్లు వెచ్చబడిన బాగుండదు, పండుగ దాటగానే వేయించుకొందును” అని ఆయన మాతో అనెను. ఉగాదికి మూడు దినములు ముందుగా జ్వరము తగిలెను. వ్యాధి పండ్రెండవ దినమున ఆయన పోయెను. ముందు వేయించుకొన్నను అంత స్వల్ప కాలములో టీకా పూర్తిగా కాపాడెడిదని ఎవరును చెప్పలేరు. అయినను ఆయన భార్యకు ఆ మూడు దినములే నేటికిని కంటికి అడ్డము వచ్చుచున్నవి.

దేహమును ఇంటికి ఇయ్యలేదు. నగరపాలక సంస్థ పనివారే సంచిలో చుట్టి దహనము చేసిరి. కొడుకు దూరముగా నిలిచి చూచెను. ఆయన శిష్యులు వందలమంది. ఒక్కరును రాలేకపోయిరి. మేము ఉపాధ్యాయులము ఫోనులో ఒకరికొకరము మాటాడుకొని ఊరకుంటిమి. మన ఆచారమున చావు ఇంటికి పోయి కూర్చుండుటయే మాట. అది లేనందున ఆ దుఃఖము నేటికిని చాల యిండ్లలో తీరక నిలిచియున్నది. అట్టి యింటివారు మీ వీథిలో నున్నచో ఇప్పుడైనను పోయి కూర్చుండుడు. ఆలస్యమైనదని సంకోచింపవలదు.

ఆయన మరణానంతరము మరియొక చిక్కు వచ్చెను. సుప్రీంకోర్టు ఆదేశానుసారముగా కోవిడ్ మృతుల కుటుంబములకు 50,000 రూపాయల సహాయము 2021లో నిర్ణయింపబడెను. దరఖాస్తు చేయబోగా ఆయన యింటిపేరు ఆధారులో ఒక విధముగను, ఆసుపత్రి కాగితములో మరియొక విధముగను ఉండెను. తెలుగు ఇంటిపేరును మరాఠీలోను, ఇంగ్లీషులోను ఎవరికి తోచినట్లు వారు వ్రాయుటయే కారణము. ఆ తల్లి ఏడు మాసములు కార్యాలయముల చుట్టు తిరిగెను. కావున మీ యింటిల్లిపాది కాగితములను ఒకచోట పరచి, పేర్లు ఒకే తీరుగా నున్నవో లేవో చూచుకొనుడు. మీ పిల్లల పేర్లను సరిచూచుటకు మా కార్యాలయము సిద్ధముగా నున్నది. పదవ తరగతి దరఖాస్తు నింపకముందే రండు.

పాఠశాల సంగతి క్లుప్తముగా చెప్పెదము. 2020 మార్చిలో జరుగవలసిన పదవ తరగతి భూగోళము పరీక్ష జరుగకయే రద్దయ్యెను. 2021లో పదవ తరగతి పరీక్షలే జరుగలేదు. పాఠములు ఫోనులోనికి మారెను. ఇంటికొక ఫోను. అది తండ్రితో పనికి పోవును. తెలుగు మాధ్యమపు పిల్లలకు ఫోనులో దొరకు పాఠములు బహు స్వల్పము. మా ఉపాధ్యాయులు పాఠములను చేతితో వ్రాసి, ఫోటో తీసి రాత్రి తొమ్మిది గంటలకు, తండ్రులు ఇంటికి చేరిన పిమ్మట పంపుచుండిరి. మన యూరి నీలంనగరములో ఇండ్ల గోడలమీదనే పాఠములు చిత్రించిన సంగతి మీరెరుగుదురు. 2021 అక్టోబరు 4న పట్టణములలో 8వ తరగతి మొదలు పాఠశాలలు మరల తెరిచిరి. కొందరు పిల్లలు తిరిగి రాలేదు. మేము ఇల్లిల్లు తిరిగితిమి. ఒక బాలిక తల్లితోకూడ బీడీలు చుట్టుచుండెను. “అప్పు తీరువరకు ఆగుడు సారు” అని తల్లి యనెను. నాలుగు మారులు పోయిన పిమ్మట బాలిక వచ్చెను. మరికొందరు ఇప్పటికిని రాలేదు. కోవిడ్ నష్టములో వారిని ఎవరును లెక్కింపలేదు. మనమైనను లెక్కింపవలెను.

అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించెను. ముగిసినది అత్యవసర స్థితియే గాని వ్యాధి కాదు. రేపు ఇదియో, వేరొకటియో రావచ్చును. కావున మూడు మాటలు మనవి చేసి విరమింతుము.

ఒకటి, జ్వరమును దాచకుడు. పిల్లవానికి జ్వరమున్నచో పాఠశాలకు పంపక మాకు కబురంపుడు. హాజరు పోవునను భయము వలదు, అది మేము చూచుకొందుము. గదిలో ఎందరున్నను కిటికీ తెరచియుంచుడు. ఈ వ్యాధి గాలిలోనే వ్యాపించునని ఇప్పుడు స్పష్టముగా తెలిసినది. పిల్లల టీకాలను, పెద్దల టీకాలను పండుగలకొరకు వాయిదా వేయకుడు.

రెండు, ఇంటిలోని ప్రతి ముసలివారి పేర ఒక కాగితము సిద్ధము చేయుడు. వారికి గల జబ్బులు, వాడు మందులు, పడని మందులు, ఇంటివారి ఫోను అంకెలు మరాఠీలో వ్రాసి వారి చేతిసంచిలో ఉంచుడు. “నోరెండుచున్నది, ఆయాసముగా నున్నది, కండ్లు తిరుగుచున్నవి, ఛాతీలో నొప్పి” వంటి మాటలు ఒక ప్రక్క తెలుగులోను, ఒక ప్రక్క మరాఠీలోను వ్రాయుడు. వ్రాయలేనివారికి మా 9వ తరగతి విద్యార్థులు వ్రాసి ఇత్తురు. ఈ పని వచ్చే సోమవారమునుండి ఆరంభింతుము.

మూడు, ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు తన యింటి కోవిడ్ కథను పెద్దలను అడిగి రెండు పుటలు తెలుగులో వ్రాసి తేవలెను. ఎవరికి జబ్బు చేసినది, ఎవరు అన్నము పెట్టిరి, ఎవరు పోయిరి, అప్పు ఎంతయైనది అని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. పిల్లలు అడిగినప్పుడు కసరుకొనక చెప్పుడు. ఆ కాగితములను కుట్టించి మన గ్రంథాలయమున ఉంచెదము. మొదటి పుటలో పోయిన మా మిత్రుని కథను ఆయన కుమారుడే వ్రాసి ఇత్తునని మాట యిచ్చియున్నాడు.