పరీక్షకు ముందే మార్కులా?
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటా మేము భాషను గురించో, పండుగను గురించో నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఈసారి యువజనులు వేరొక విషయం కోరారు. మన కుటుంబాల పిల్లలు కొందరు అమెరికాలో చదువుతున్నారు. వారి మూలంగా ఇక్కడ డర్బన్‌లో, మన ఇళ్లలో కూడా, అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ ప్రవేశించింది. ఆ సీజను నడుమ జట్లకు, కూటములకు ఇచ్చే ర్యాంకులను గురించి మా అభిప్రాయం తెలుగులో చెప్పమన్నారు. మేము మూడవ తరం వారము. బడిలో పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది, ర్యాంకులు ఇచ్చి తల నెరిసినవారము. కనుక ఈ సంగతి మాట్లాడే అర్హత కొంత ఉన్నదనే అనుకుంటున్నాము.

ఆట తెలియని పెద్దల కోసం ముందుగా రెండు మాటలు. ఇది మనం ఎరిగిన కాలి బంతి ఆట కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మన రగ్బీ బంతికి చుట్టం. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు జరగాలి. జరగలేకపోతే బంతి ఎదుటివారిది. పై శ్రేణిలో 130కి మించి జట్లున్నాయి. ఆగస్టు చివర మొదలై నవంబరు చివరి వరకు ఒక్కొక్క జట్టు మామూలుగా పన్నెండు ఆటలే ఆడుతుంది. అంటే అందరూ అందరితో ఆడడం సాధ్యం కాదు. అందుకే ఎవరు గొప్ప అన్నది కొంతవరకు ఆటతోను, కొంతవరకు వోట్లతోను తేలుతుంది. తగాదా అంతా ఆ వోట్ల దగ్గరే.

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1936 నుండి ఈ ర్యాంకులు ప్రకటిస్తున్నది. సుమారు 60 మంది పత్రికా, ప్రసార విలేఖరులు వారం వారం వోటు వేసి 25 జట్లను వరుసపెడతారు. ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే మొదటి పట్టిక ఆగస్టులో, ఒక్క ఆట కూడా జరగకముందే వస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు! మా బడిలో ఏ ఉపాధ్యాయుడైనా పరీక్షకు ముందే మార్కుల జాబితా గోడకు అంటిస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా?

2025 సీజను చూడండి. ఆగస్టు పట్టికలో టెక్సస్ మొదటిది, పెన్ స్టేట్ రెండవది, క్లెమ్సన్ నాలుగవది. టెక్సస్ మొట్టమొదటి ఆటలోనే ఒహాయో స్టేట్ చేతిలో 14–7 తేడాతో ఓడింది. అక్టోబరు 4న ఫ్లోరిడా చేతిలోను ఓడింది. అదే రోజు పెన్ స్టేట్, అప్పటికి ఒక్క ఆట కూడా గెలవని లాస్ ఏంజిలిస్ జట్టు యు.సి.ఎల్.ఎ. చేతిలో 42–37తో ఓడింది. మరునాటి పట్టికలో ఈ రెండు జట్లకూ 25 లోపల చోటే లేదు. ఇంకొక వారానికి పెన్ స్టేట్ వారు మళ్లీ ఓడి, తమ కోచ్‌కు ఉద్వాసన చెప్పారు. సీజను సగానికి క్లెమ్సన్ మూడు గెలిచి మూడు ఓడింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆగస్టులో వోటు వేసినవారు అన్నీ తప్పారని మేము అనము. ఒహాయో స్టేట్‌ను మూడవదిగా, జార్జియాను అయిదవదిగా పెట్టారు; ఆ రెండూ మాట నిలబెట్టాయి. కాని ఇండియానాను ఇరవయ్యవ స్థానంలో పెట్టారు. ఎందుకు? పేరు లేదు గనుక. 2023లో ఆ జట్టు మూడు గెలిచి తొమ్మిది ఓడింది. పెద్ద జట్లలో అత్యధిక ఓటముల లెక్క వారి పేరనే ఉండేది. 2024లో కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటి వచ్చి పదకొండు ఆటలు గెలిపించాడు. అయినా అది గాలివాటమే అన్నారు. 2025 అక్టోబరు 11న ఇండియానా, అప్పటికి ఓటమి ఎరుగని ఆరెగన్‌ను వారి మైదానంలోనే 30–20తో ఓడించింది. అప్పటికి గాని మూడవ ర్యాంకు దక్కలేదు.

ఇక కూటముల సంగతి. వీటిని కాన్ఫరెన్సులంటారు. ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు పెద్దలు. కూటమి ఇల్లు, బయటి జట్టుతో ఆడేది రచ్చ. ఎస్.ఇ.సి. అనే దక్షిణాది కూటమి 2006 నుండి 2022 వరకు పదిహేడు సీజనులలో పదమూడు జాతీయ విజేతలను ఇచ్చింది. ఆ గౌరవం కష్టపడి సంపాదించినదే. కాని ఆ తరువాత అదొక ఆస్తిలా వారసత్వంగా దిగుతున్నది. వారిలో ఒకరు మరొకరి చేతిలో ఓడితే, ఓడించినవాడు గట్టివాడు గనుక ఓడినవాడూ గట్టివాడే అంటారు. గెలిచినా మార్కులే, ఓడినా మార్కులే! ఇతర కూటమివాడు ఓడితే మాత్రం సున్న.

2025 సీజను నడుమ మా లెక్క ఇది. బిగ్ టెన్ కూటమిలో ఒహాయో స్టేట్, ఇండియానా, ఆరెగన్ మూడు మేడలు. తక్కిన పదిహేను ఇళ్లు పెద్ద చెప్పుకోదగినవి కావు. ఎస్.ఇ.సి.లో అంత ఎత్తు మేడ లేదు, కాని వీధి పొడుగునా డాబాలే. ఎన్నో ఏళ్లు అడుగున పడి ఉన్న వాండర్‌బిల్ట్ కూడా, 2024లో మొదటి ర్యాంకు అలబామాను 40–35తో ఓడించి తలెత్తుకున్నది. కనుక వీధికి మార్కులు ఎస్.ఇ.సి.కి, ఇంటికి మార్కులు బిగ్ టెన్‌కు. విజేత ఒక్క ఇల్లే గాని వీధి కాదు గదా! జట్లలో మేము ఇండియానాను మొదట పెట్టాము. మా ఇంట్లోనే పిల్లలు ఒప్పుకోలేదు.

ఈ కూటముల పేర్లు విన్న బడిపిల్లలు నవ్వుతారు. బిగ్ టెన్ అంటే పెద్ద పది. అందులో ఇప్పుడు 18 జట్లు. బిగ్ ట్వెల్వ్‌లో 16. పసిఫిక్ తీరపు స్టాన్‌ఫర్డ్, 2024 నుండి అట్లాంటిక్ తీరపు కూటమిలో ఆడుతున్నది. పశ్చిమ తీరంలో శతాబ్దానికి పైబడిన చరిత్రగల పసిఫిక్ కూటమి నుండి పది జట్లు వెళ్లిపోగా, 2024, 2025 సీజనులలో రెండే మిగిలాయి. కారణం టెలివిజన్ డబ్బు. లాస్ ఏంజిలిస్ పిల్లలు న్యూ జెర్సీలోని జట్టుతో ఒక ఆట ఆడడానికి సుమారు 4,000 కిలోమీటర్లు పోవాలి. ఇరుగుపొరుగు ఊళ్ల పోటీ చెడగొట్టి దూరపు బంధుత్వాలు కలుపుకొన్నారు. ఉపాధ్యాయులుగా ఇది మాకు నచ్చలేదు. ఆ పిల్లలకు సోమవారం తరగతి కూడా ఉంటుంది.

అన్నిటికన్నా అన్యాయం 2023లో జరిగింది. ఫ్లోరిడా స్టేట్ పదమూడు ఆడి పదమూడూ గెలిచింది, కూటమి విజేత అయింది. పదముగ్గురు సభ్యుల ఎంపిక సంఘం, ముఖ్య ఆటగాడు గాయపడ్డాడు గనుక ఇకమీదట గెలవలేరని ఊహించి, చివరి నలుగురిలో చోటివ్వలేదు. ఒక ఓటమి ఉన్న అలబామాను పిలిచింది. పరీక్ష రాసి నూటికి నూరు తెచ్చుకున్న పిల్లవాడిని, పై తరగతిలో తప్పుతావేమోనని ఆపినట్లు! 2024 నుండి పన్నెండు జట్లకు అవకాశం ఇస్తున్నారు. ఇది మంచి దిద్దుబాటు.

ఈ పరాయి దేశపు ఆట మీద మాకింత పట్టుదల ఎందుకని అడగవచ్చు. 1860 నుండి 1911 వరకు మన తాతముత్తాతలు ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కి నేటాలుకు వచ్చారు. ఓడ పట్టికలో ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, కులం, ఊరు. చెరకు తోటలో కాలు పెట్టకముందే వారి విలువ కట్టేశారు. మేము బడికి వెళ్లిన రోజులలో ప్రభుత్వమే జాతిని బట్టి బడులకు డబ్బు పంచేది: తెల్లపిల్లలకు అందరికన్నా ఎక్కువ, నల్లపిల్లలకు అందరికన్నా తక్కువ, మనకు నడుమ. పలక పట్టకముందే పట్టిక సిద్ధం. నడిమి ర్యాంకు దక్కిందని తృప్తిపడినవారూ మనలో లేకపోలేదు. ఇవాళ మన పెళ్లిళ్లలో కుర్రవాడు ఏ విశ్వవిద్యాలయం అని ముందు అడిగి, ఏమి నేర్చాడో తరువాత అడుగుతున్నాము. అదీ ఆగస్టు పట్టికే.

2025 డిసెంబరులో ఇండియానా, ఒహాయో స్టేట్‌ను 13–10తో ఓడించి కూటమి విజేత అయింది. 2026 జనవరి 19న మయామీ మీద 27–21తో గెలిచి జాతీయ విజేత అయింది. ఆడినవి పదహారు, గెలిచినవి పదహారు.

యువజనులకు మా సలహా ఒక్కటే. మీకు నచ్చిన జట్టును మొదటినుండీ అభిమానించండి, కేకలు వేయండి, తప్పు లేదు. ర్యాంకు మాత్రం అక్టోబరు దాకా ఇవ్వకండి. జట్టుకైనా, తోటి మనిషికైనా, ఆడనిచ్చి తరువాత మార్కులు వేయండి. తప్పిన మార్కులు దిద్దే ధైర్యం కూడా ఉంచుకోండి.