నోటీసు తిరిగి పంపవద్దు

 

నేను న్యాయవాదిని కాను. కాగితాల మధ్య ఉద్యోగం చేసిన గుమాస్తాను. ఒక వితంతు సోదరి డిక్రీ కాపీతో నా వద్దకు వచ్చారు. మరణించిన భర్త అప్పుకు ఆమె మహర్ నగలు అమ్మి కట్టాలని అప్పులవారు ఒత్తిడి చేస్తున్నారట.

అది చట్టం కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, మృతుని ఆస్తి తమకు దక్కినంత మేరకే వారసులు బాధ్యులు. ఆ ఆస్తిని లెక్క లేకుండా ఖర్చు చేస్తే మాత్రం సొంత బాధ్యత వస్తుంది. షరీఅత్ కూడా ముందు అప్పు తీర్చి, తర్వాతే వాటాలు పంచమంటుంది. చెల్లించని మహర్ సైతం భర్త ఆస్తిపై అప్పే.

డిక్రీ అంటే బాకీ నిర్ధారణ. ఇల్లు వేలానికి రావాలంటే అమలు పిటిషన్, జప్తు ఉత్తర్వు కావాలి. పిటిషన్‌కు గడువు 12 సంవత్సరాలు. కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతివృత్తివారి పనిముట్లు జప్తు చేయరాదు. జప్తయ్యాక బంధువుల పేర రాసిన దస్తావేజు డిక్రీదారు హక్కును అడ్డుకోలేదు.

తనఖా సంగతి వేరు. అది ఇంటినే అంటిపెట్టుకొని ఉంటుంది. ఐ.పి. పెట్టినా తనఖాదారు హక్కు పోదు.

కోర్టు నోటీసును తిరస్కరిస్తే కేసు ఆగదు. మన మాట వినకుండానే తీర్పు వస్తుంది. 1987 చట్టం కింద మహిళలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఆ సోదరిని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకువెళ్లాను. మీరూ మీ వీధిలోని ఒక సోదరికి తోడుగా వెళ్లండి.