మెట్లెక్కలేనివారికీ ఉండవల్లి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి కార్తీక వనభోజనాలయ్యాక ఉండవల్లి గుహాలయాలకు ఒకరోజు యాత్ర వెళ్ళాలని కార్యవర్గం తీర్మానించి, ఏర్పాట్లు నాకప్పగించింది. మన కోనసీమలో గునపం దించితే ఒండ్రుమట్టి, ఇసుక, నీళ్ళు. అటువంటి మనకు కొండనే నాలుగంతస్తులుగా తొలిచిన కోవెల చూడటం వింతే గదా!

నిరుటి యాత్రలో మోకాళ్ళ నొప్పులున్న మిత్రులొకరు "మీరు చూసి రండి, నేను బస్సులో కూర్చుంటాను" అన్నారు. మనం వెళ్ళి మూడు గంటలకు తిరిగొచ్చాం. ఆయన పల్లెత్తు మాట అనలేదు. కాని ఈసారి పేరివ్వలేదు. అడిగితే "మీకు భారమెందుకండీ" అన్నారు. భారం ఆయన కాదు, ఆలోచన లేకుండా ఏర్పాట్లు చేసిన నాదే తప్పు.

ఉండవల్లి గుహలు విష్ణుకుండినుల కాలంనాటివని చెబుతారు. పై అంతస్తులో శేషతల్పంపై శయనించిన అనంతపద్మనాభస్వామి సుమారు 20 అడుగుల మూర్తి. ఆయన దర్శనానికి మెట్లెక్కాలి. అయితే కింది అంతస్తులోని స్తంభాల మండపం పని పూర్తికాకుండా మిగిలిపోయింది. రాతిని ఎలా తొలుచుకుంటూ పోయారో తెలిసేది అక్కడే. పైన దైవం, కింద పనితనం. కింద కూర్చున్నవారికి తక్కువేమీ లేదు.

ఇక కార్యక్రమం. ఉదయం 5 గంటలకు అమలాపురంలో బయలుదేరి రావులపాలెం, సిద్ధాంతం వంతెన, తణుకు, ఏలూరు మీదుగా ప్రయాణం. విజయవాడకు సుమారు 150 కిలోమీటర్లు. మధుమేహం ఉన్నవారి కోసం 7 గంటలకే తణుకులో ఫలహారం. కనకదుర్గ వారధిపై కృష్ణ దాటి 10 గంటలకు ఉండవల్లి చేరతాం. ఎక్కగలవారు ముప్పావుగంటలో దిగి రావాలి. తరువాత అందరం కలిసే భోజనం. మొగల్రాజపురం, అక్కన్న మాదన్న గుహలు కూడా చూద్దామని కొందరన్నారు. ఒక్కరోజులో మూడూ అంటే చూడటం ఉండదు, పరుగే ఉంటుంది. అందుకని వాటిని మరోసారికి ఉంచాను.

పైకి వెళ్ళినవారు దిగివచ్చేదాకా నేను కింది మండపంలోనే ఉంటాను. స్వామిని ఇదివరకే దర్శించుకున్నాను.

ఆ మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. అయ్యా, డ్రైవరు వెనుక మొదటి సీటు మీ పేర రాశాను. మీరు కాదంటే అది ఖాళీగానే వస్తుంది.

సెలవు.