ఉడకని పప్పు, ముద్దైన అన్నం: రేపల్లెలో ఒక రాత్రి భోజనం

"మీరు వండితే ఎప్పుడూ కుదురుతుందాండి?" అని చాలామంది అడుగుతుంటారు. కుదరదండి. ఇవాళ రెసిపీ ఏమీ లేదు. కుదరని ఒక భోజనం గురించి చెప్తాను.

మాది తెనాలి. అమ్మానాన్నల ఊరు రేపల్లె. అక్కావాళ్ళు బాపట్లలో ఉంటారు. అమ్మ పోయాక నాన్నగారు ఒక్కరే ఉంటున్నారు. డెబ్భై దాటిన మనిషి, పొయ్యి దగ్గర ఏం అవస్థ పడుతున్నారోనని నాకూ అక్కకీ ఒకటే బెంగ. పోయిన డిసెంబరులో ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఓ ఆదివారం రాత్రి అందరం కలిసి అమ్మ వండినట్టే గోంగూర పప్పు, వేడన్నం, నెయ్యి, చల్లమిరపకాయలు పెట్టి, తిన్నాక మెల్లగా చెప్దాం: "ఇల్లు తాళం వేసి తెనాలి వచ్చెయ్యండి నాన్నా" అని.

పొద్దున్నే తెనాలిలో రైలెక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె చేరేదాకా ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అనే ఆలోచన.

సాయంత్రం వంట మొదలుపెట్టాను. తాగే నీళ్ళ డబ్బా అయిపోయింది. ఒక్క పూటే కదా అని బోరు నీళ్ళు పోశాను. త్వరగా అయిపోతుందని కందిపప్పు, గోంగూర, ఉప్పు అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేశాను. మంచం కింద గోతంలో బియ్యం కనిపిస్తే, ఇంట్లో పోసినట్టే గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోశాను.

మూత తీస్తే పప్పు పలుకుపలుకుగా ఉంది. మళ్ళీ నాలుగు కూతలు. అయినా గోంగూర కరిగిపోయింది కానీ పప్పు అలాగే ఉంది. అన్నం చూస్తే జావ. అక్కావాళ్ళు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. అమ్మ పేరు చెప్పి వండినది అలా అయిందని.

నాన్నగారు వచ్చి గరిటెతో ఓసారి కలిపి చూశారు.

"నీళ్ళు ఏవి పోశావమ్మా?"

"బోరువి నాన్నా."

"గోంగూర పప్పుతో కలిపే పెట్టావా?"

"ఊఁ."

"ఇంకెక్కడ ఉడుకుద్ది? బియ్యం ఏవి?"

"మంచం కింద గోతంలోవి."

"అవి కొత్తవి. మొన్ననే మిల్లు నుంచి వచ్చినయ్. పాతవి డ్రమ్ములో ఉన్నయ్ కదా!"

ఇక్కడ కాస్త ఆగుదామండి. పులుపు తగిలితే పప్పు గింజలో పెక్టిన్ అనే పదార్థం కరగదు, గింజ మెత్తబడదు. ఉప్పదనం, గట్టిదనం ఉన్న నీళ్ళలోని కాల్షియం కూడా ఆ పెక్టిన్‌ని పట్టి బిగిస్తుంది. రేపల్లె సముద్రానికి దగ్గర, మా బోరు నీళ్ళు అలాంటివే. నేను రెండు తప్పులూ ఒకేసారి చేశాను. అందుకే పప్పు విడిగా, మంచి నీళ్ళలో మెత్తగా ఉడికాకే గోంగూర కలపాలి.

ఇక బియ్యం. అవి బీపీటీ 5204, మనం సాంబ మసూరి అంటాం. బీపీటీ అంటే బాపట్లే. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టిన రకం, 1986లో విడుదలైంది. ఎంత మంచి రకమైనా కొత్త బియ్యం కొత్త బియ్యమే. నిలవ ఉన్నకొద్దీ గింజ గట్టిపడి ఎక్కువ నీళ్ళు పీల్చుకుంటుంది, మెతుకు విడివిడిగా వస్తుంది. కొత్తవాటికి నీళ్ళు తగ్గించాలి. సంక్రాంతికి కొత్త బియ్యంతో పొంగలి వండుతాం చూడండి, అక్కడ ఆ మెత్తదనమే కావాలి.

నాన్నగారు ఇదంతా చెప్పలేదు. అన్నం బేసిన్‌లో వేసి చల్లార్చి, కాసిని పాలు, పెరుగు కలిపారు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఆవాలు, మినప్పప్పు తాలింపు ఆయనే పెట్టారు. ఇంగువ ఎక్కడుందో వెతుక్కోలేదు, చెయ్యి నేరుగా ఆ డబ్బా మీదకే వెళ్ళింది. నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అందరం దద్దోజనంలో ఆవకాయ నంజుకుని తిన్నాం. బావగారు రెండుసార్లు వేయించుకున్నారు.

చెప్దామనుకున్న మాట అక్క సగమే అంది, "నాన్నా, మీరు ఒక్కరే..." అని.

నాన్నగారు చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "అమ్మ మంచాన పడ్డ ఆర్నెల్లూ వండింది నేనేనమ్మా. మీకు తెలిస్తే బాధపడతారని చెప్పొద్దంది. నాకు వండటం వచ్చు. తినేటప్పుడు ఎదురుగా మనిషి లేరు, అంతే."

ఇద్దరం ఇంక మాట్లాడలేకపోయాం. ఆరు నెలలు ఫోన్లో "ఏం వండావమ్మా?" అని అమ్మని అడిగాం. "పప్పుచారు" అనేది. ఎవరు వండారో మేం అడగలేదు.

నాన్నగారు రేపల్లెలోనే ఉన్నారండి. ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు నేను, ఒక ఆదివారం అక్క వెళ్తున్నాం. వండేది ఆయనే. నేను కూరలు తరిగిపెడతా, ఎదురుగా కూర్చుని తింటా. ఒంట్లో ఓపిక తగ్గిన రోజు ఏం చెయ్యాలన్నది ఇంకా తేలలేదు. కానీ ఆ సంగతి ఈసారి ఆయన్ని అడిగే తేలుస్తాం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటే, "తిన్నారా?" అని అడగడంతో ఆగకండి. "ఎవరితో తిన్నారు?" అని కూడా అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో గోంగూర పప్పు, ఈసారి సరిగ్గా, నాన్నగారి చేత్తోనే చూపిస్తాను. ఉంటానండి, నమస్కారం.