గింప్‌లో పాత స్క్రిప్ట్‌ను బాగుచేయడం

ఫోటోకు అంచు కట్టే పాత స్క్రిప్ట్ ఒకటి గింప్ 2.2లో చక్కగా నడిచేది, ఇప్పుడు నడవడం లేదు. మెనూలో కనిపిస్తుంది, కానీ క్లిక్ చేస్తే "అన్‌బౌండ్ వేరియబుల్" అనే ఎర్రర్ వస్తుంది.

కారణం ఇది. 2007లో వచ్చిన గింప్ 2.4 నుండి స్క్రిప్ట్-ఫూ లోపల సియోడ్‌కు బదులు టైనీస్కీమ్ పనిచేస్తోంది. సియోడ్‌లో ముందుగా చెప్పని పేరుకు కూడా "సెట్"తో విలువ ఇవ్వవచ్చు. టైనీస్కీమ్ అలా ఒప్పుకోదు.

ముందు ఫైల్‌కు ఒక కాపీ తీసి పెట్టుకోండి. అసలు ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. ఎర్రర్‌లో చివర ఉన్న పేరును వెతకండి. అది మొదటిసారి వచ్చే చోట "సెట్"ను, దాని పక్కనున్న ఆశ్చర్యార్థకాన్ని తీసి "డిఫైన్" అని రాయండి. తరువాతి చోట్ల మార్చకండి.

సేవ్ చేసి, స్క్రిప్ట్-ఫూ మెనూలోని రిఫ్రెష్ స్క్రిప్ట్స్ నొక్కండి. మళ్లీ నడపండి. ఈసారి ఇంకో పేరు చూపిస్తే భయపడకండి, మొదటిది సరిపోయిందన్నమాట. ఒక్కొక్కటిగా ఇలాగే సరిచేయండి. పాత స్క్రిప్ట్ పారేయక్కర్లేదు.

ఈ పాఠం ఇంతటితో ముగిసింది.